రెండు వందల పదహారో పాట, నాలుగో చరణం

మా చర్చిలో రెండు వందల పదహారో పాటకు నాలుగు చరణాలున్నాయి. ఆ సంగతి పాటల పుస్తకానికి తెలుసు, రాసినాయనకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు. సంఘానికి మాత్రం మూడే తెలుసు. నాలుగోదాన్ని ఎవరూ నిషేధించలేదు, అంత శ్రమ ఎవరూ తీసుకోలేదు. అది కానుకల పాట. కానుకల సంచి ముందు బల్ల దగ్గర బయల్దేరి, చేతులు మారుతూ ఆఖరి బల్ల దాకా వెళ్లి, అక్కడ నిలబడ్డ కమిటీ సభ్యుడి చేతిలో పడి, తిరిగి వేదిక దగ్గరకు వచ్చేసరికి సరిగ్గా మూడు చరణాలు పడుతుంది. సంచి వచ్చిందంటే పాట ఆగాలి. ఇవ్వవలసింది ఇచ్చేశాక ఇంకా పాడుతూ నిలబడితే దేవుడు మొహమాటపడతాడని మా పెద్దల అభిప్రాయం కావచ్చు.

పాటకు మాత్రం ఏ లోటూ రాలేదు. భీమిలి నుంచి పరవాడ దాకా ఏ ప్రార్థన కూటంలోనైనా పాడతారు. సమాధుల తోటలో పాడతారు, గృహప్రవేశాల్లో పాడతారు. గాజువాకలో ఒక ఆటో వెనక్కి వెళ్లేటప్పుడు ఈ పాటే మోగడం నేను స్వయంగా విన్నాను. పల్లవి ఇది:

లోతు నాకు కనబడదు, చూడవలెనని లేదు
చాచిన నీ చేయి చాలు, దించెద నా భారము

రాసినాయన పేరు జ్ఞానశేఖర్. ఇప్పుడు డెబ్బై మూడేళ్లు. మద్దిలపాలెం డిపో వెనుక వీధిలో రెండు గదుల ఇల్లు. కవి అనిపించే లక్షణం ఆయనలో ఒక్కటీ లేదు. గడ్డం లేదు, కోపం లేదు, సన్మానాల మీద మోజు లేదు. ఓడల్లో సరుకు ఎక్కించే ఒక ప్రైవేటు కంపెనీలో ముప్పై నాలుగేళ్లు క్రేన్ ఆపరేటరుగా పనిచేశాడు. ఆ కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు, పాట మిగిలింది.

క్రేన్ పని గురించి ఒక్క ముక్క చెప్పకపోతే ఈ కథ ముందుకు జరగదు. క్రేన్ నడిపేవాడు పైన, రేకు గదిలో కూర్చుంటాడు. సరుకు దిగేది ఓడ కడుపులోకి. పైవాడికి ఆ లోతు కనబడదు. అక్కడ మనుషులున్నారో లేదో, సరుకు దేనికి తగులుతోందో తెలియదు. మిషన్ల హోరులో అరుపులు వినబడవు. అందుకని ఓడ అంచున ఒక మనిషి నిలబడి, లోపలికి చూస్తూ, చేతితో సైగ చేస్తాడు. అరచేయి కిందికి తిప్పి ఆడిస్తే దించు. పిడికిలి బిగించి ఎత్తితే ఆపు. పిడికిలి దిగేదాకా పైవాడు మీట ముట్టుకోకూడదు. మొత్తం ఉద్యోగమంతా ఆ చేతిని నమ్మడమే.

జ్ఞానశేఖర్‌కు ఇరవై రెండేళ్లు సైగ చేసినవాడు తిరుమలరావు. ఆనందపురం దగ్గర పల్లెలో రెండెకరాల కూరగాయల మడి ఉన్న రైతు. ఏటా చందనోత్సవానికి సింహాచలం కొండ కాలినడకన ఎక్కేవాడు. ఖైనీ నమిలేవాడు. బూతులు కూడా చేతి సైగలతో తిట్టగలడని రేవులో పేరుండేది. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు. మా సంఘం ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని పాడుతున్న 'చాచిన చేయి' ఈయనదే. ఈ వాక్యం చదివి మా కమిటీలో ఒకరిద్దరికి ఒంట్లో బాగుండకపోవచ్చు.

తొంభై నాలుగు, మే నెల. మన ఉక్కు కర్మాగారం నుంచి వచ్చిన ఇనుప కడ్డీల కట్టలు ఓడకు ఎక్కిస్తున్నారు. ఒక కట్ట సగం లోతు దిగాక తాడు జారి ఒక పక్కకు ఒరిగింది. కింద నలుగురున్నారు. పైకి రావడానికి ఉన్న ఒకే ఒక్క నిచ్చెన సరిగ్గా ఆ కట్ట కింద ఉంది. తిరుమలరావు పిడికిలి ఎత్తాడు. జ్ఞానశేఖర్ ఏం జరిగిందో తెలియకుండానే ఆపేశాడు. కట్ట గాలిలో నిలబడింది. క్రేన్ బెత్తెడు కదిలినా అది జారుతుంది. ఆ నలుగురూ ఒక్కొక్కరే, దాని కింద నుంచి, ఊపిరి బిగబట్టి ఎక్కి వచ్చారు. నలభై నిమిషాలు పట్టింది. నలభై నిమిషాలూ తిరుమలరావు పిడికిలి ఎండలో అలాగే ఉంది. మధ్యలో ఎవరో తాము నిలబడతామంటే ఆయన ఒప్పుకోలేదు. పైవాడు ఎరిగిన చెయ్యి ఇదేనన్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. నలుగురూ పైకి వచ్చాక కట్టను దించారు. కంపెనీ చాలా చలించి, నలభై నిమిషాలు పని ఆపినందుకు ఇద్దరికీ చెరొక మెమో ఇచ్చింది. జ్ఞానశేఖర్‌కు వచ్చిన మెమో వెనుకవైపు తెల్లగా ఉంది. మర్నాడు రేకు గదిలో, ఓడ కోసం ఎదురుచూస్తూ, దాని మీద నాలుగు చరణాలు రాశాడు. మూడు చరణాలు అందరికీ తెలిసినవే, దేవుడివి. నాలుగోది మాత్రం తిరుమలరావుది:

నా కన్ను చేరని చోట తన కన్ను నిలిపినవాడు
నీ పేరు ఎరుగకనే నీ పని చేసినవాడు
మండుటెండలో నాకై నిలిచిన ఆ చేతిని
మరువకు దేవా, నీ చేతిలో ఉంచుకో

అప్పటి పాస్టరు అయ్యగారు పాట విని చాలా సంతోషించారు. పల్లవిలో 'దించెద నా భారము' అన్న మాట ఆయనకు బాగా పట్టింది. జేబుల్లో భారం దించుకోవడానికి ఇంత అనువైన పాట తన సేవా జీవితంలో చూడలేదని, వెంటనే కానుకల పాటగా ఖాయం చేశారు. పుస్తకం కొత్త ముద్రణలో నాలుగు చరణాలూ అచ్చయ్యాయి కూడా. అచ్చుకు సంచితో పనిలేదు కదా.

ఆ పాట మొదట పాడిన ఆదివారమే జ్ఞానశేఖర్ తిరుమలరావును పిలిచాడు. "నీ మీద ఒక చరణం కట్టేను బావా, వొచ్చి ఇను" అన్నాడు. తిరుమలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆఖరి బల్ల మీద చివరన, తలుపు పక్కన కూర్చున్నాడు. మూడు చరణాలయ్యాయి. సంచి వచ్చింది. పాట ఆగింది. బయటికి వచ్చాక "నాదేది?" అన్నాడు. జ్ఞానశేఖర్‌ "మల్లీ వారం" అన్నాడు.

ఆ మళ్లీ వారం ముప్పై ఏళ్లు నడిచింది. తిరుమలరావు ప్రతి ఆదివారం రాలేదు గాని, ఏటా కోత పండగకు మాత్రం తప్పలేదు. ఆ రోజు సంఘస్తులు పంటలు తెచ్చి అర్పిస్తే వేలం వేస్తారు. ఈయన మడిలో కాసిన గుమ్మడికాయలో, వంకాయల బుట్టో తెచ్చి పెట్టి, అదే బల్ల మీద అదే చివరన కూర్చుని, మూడు చరణాలు విని వెళ్లేవాడు. వెళ్తూ ఏటా ఒకటే మాట: "ఈపాలి కూడా నన్ను ఓడలోనే వొదిలీసేరు బావా."

అది వేళాకోళంగానే సాగిపోయేది, తిరుమలరావు చెవులు పోకపోతే. మిషన్ల హోరు ఎడమ చెవిని ఎప్పుడో తినేసింది. పోయినేడు కుడిదీ తగ్గడం మొదలైంది. చెవి మిషను పెట్టుకున్నా ఏడాది మించి పనిచేయదని డాక్టరు చెప్పాడు. తిరుమలరావు ఆ వార్తను "ఇకమీద మా ఆవిడ మాట ఇనక్కర్లేదు" అని ఊరంతా చాటాడు. జ్ఞానశేఖర్ మాత్రం ఆ రోజు నుంచి సరిగా భోజనం చేయలేదు. ఇంటికి వెళ్తే ఆయన భార్య జయమణిగారు నాతో చెప్పారు: "ఆ నాలుగు ముక్కలూ ఆ అన్నయ్య సెవిలో పడకపోతే ఈయనకి నిద్దర పట్టదండి."

సరిగ్గా అప్పుడే మా కమిటీకి పాటకు ముప్పై ఏళ్లు నిండాయన్న సంగతి గుర్తుకొచ్చింది. వేడుక చేయాలన్నారు. శాలువాలు పదకొండు. ఒకటి కవిగారికి, మిగిలినవి ఆ పాటను ముప్పై ఏళ్లు ఓపిగ్గా విన్న కమిటీవారికి.

ముందుగా వీడియో. మా గాయక బృందాన్ని నడిపే బెన్సన్‌కు యూట్యూబులో ఒక ఛానల్ ఉంది. పాటల వెనుక కథలు చెబుతాడు. కెమెరా, ఒక గుండ్రని దీపం పట్టుకుని జ్ఞానశేఖర్ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. జ్ఞానశేఖర్ పైన నేను చెప్పినదంతా చెప్పాడు. బెన్సన్ ముఖంలో దీపం వెలుగు తప్ప మరే వెలుగూ కనబడలేదు.

"అంకుల్, ఆ టైంలో తుఫాను ఏమైనా వచ్చిందా?"

"మే నెల బాబూ. ఎండ."

"పోనీ ఆ నలుగురిలో ఎవరైనా ప్రభువు దగ్గరికి..."

"ఎవుడూ ఎల్లలేదు. నలుగురూ పైకొచ్చి టీ తాగేరు."

"అంటే ఎవరికీ ఏమీ అవ్వలేదా?"

"అవ్వకపోడమే కదా బాబూ కథ."

బెన్సన్ కాసేపు కెమెరా వైపు జాలిగా చూశాడు. టీ తెచ్చిన జయమణిగారు కప్పు అతని చేతికిస్తూ, "ఓలమ్మ, వీడియో ఆడాలంటే ఎవుడో ఒకడు సావాలేటి నాయనా? మా ఆయన్ని పడుకోబెట్టమంటావా?" అన్నారు.

"అలా కాదు ఆంటీ. ఎమోషన్ ఉండాలి."

ఎమోషన్ రెండు వారాల్లో తయారైంది. వీడియోలో సముద్రం పొంగింది. ఓడ రెండుగా చీలింది. క్రేన్ మీద పిడుగు పడింది. మబ్బుల్లోంచి ఒక తెల్లని చేయి దిగింది. దాని వేలికి ఉంగరం కూడా ఉంది, ఏ దేశం నుంచి దించుకున్న బొమ్మో మరి. జ్ఞానశేఖర్ వేషం కట్టిన కుర్రవాడు మోకాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండు లక్షల మంది చూశారు. ఆ తరువాత ఆదివారం ఇద్దరు ముసలమ్మలు జ్ఞానశేఖర్ చేతులు పట్టుకుని ఆ పిడుగు నుంచి ఎలా బయటపడ్డావు నాయనా అని కన్నీళ్లు పెట్టుకున్నారు. "నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా" అన్నాడాయన.

ఆయన కమిటీని కోరింది ఒక్కటే. శాలువా అక్కర్లేదు, నాలుగో చరణం పాడండి, అంతే. కార్యదర్శి గుణశేఖర్‌గారు ఆశ్చర్యపోయి, నాలుగోది కూడా ఉందా అని పుస్తకం తెరిచారు. చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"నీ పేరు ఎరుగకనే నీ పని చేసినవాడు... ఇక్కడ సిద్ధాంతం కొంచెం తేడాగా ఉందండీ. ఎవరండీ ఈయన?"

"తిరుమలరావని, ఆనందపురం దగ్గిర. ఏటా కోత పండక్కి వొంకాయలు తెస్తాడు. పోయినేడు వేలంలో మీరే పాడుకున్నారు."

"వంకాయలు వేరు, వాక్యం వేరు" అన్నారు గుణశేఖర్‌గారు. ముప్పై ఏళ్లు ఎవరూ పాడని చరణంలో దోషం కనిపెట్టడం చిన్న విషయం కాదు. కమిటీ గంటన్నర చర్చించింది. చివరకు సిద్ధాంతం జోలికి పోకుండా, 'సమయాభావం వల్ల మామూలు పద్ధతిలోనే పాడవలెను' అని తీర్మానించింది. వేడుకకు కేటాయించిన సమయం మూడు గంటలు. నాలుగో చరణానికి పట్టేది ఒక నిమిషం.

వేడుకకు ముందురోజు మధ్యాహ్నం జ్ఞానశేఖర్ ఆనందపురం బస్సెక్కాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు. తిరుమలరావు మడిలో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. జ్ఞానశేఖర్ ఆయన కుడివైపు చేరి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"బావా, రేపు రావొద్దు."

"ఏటి?"

"రావొద్దంతన్నాను. నీ చరణం పాడరట."

"ముప్పై ఏళ్ల నుంచి పాడతన్నారేటి? నాను రాలేదా?"

"ఈపాలి పాడిస్తానని ఆశ పెట్టుకున్నాన్రా బావా. నీకా సెవి పోతంది."

"పోనీ. సెవి నాది, నీకేటి అంత బాధ? ఎందుకు పాడరట?"

"ఎప్పట్లాగే. సంచి వొచ్చెస్తాది."

"రాకపోతే?"

"రాకపోడమేటి. ఒకపాలి సంచి తెచ్చీ అర్జునరావు కాలు మడతబడి సంచి రాడం ఆలీసమైతే, వొచ్చేదాకా పల్లవే ఏడుమాట్లు పాడించేరు. సంచి రాకుండా పాట ఆపరు, వొచ్చేక ఆగరు."

తిరుమలరావు ఖైనీ నలుపుకుంటూ కాసేపు మడి వైపు చూశాడు. "గుమ్మడికాయలు బాగా కాసేయి. ఒకటి సెల్లెమ్మకి పట్టుకెల్లు" అన్నాడు. దారి పొడుగునా ఆ కాయను నేను మోశాను.

మర్నాడు వేదిక మీద జ్ఞానశేఖర్‌ను సింహాసనం లాంటి కుర్చీలో, సంఘానికి ఎదురుగా కూర్చోబెట్టారు. మెడలో దండ, ఒంటి మీద శాలువా. అంత అలంకరణ ఆయనకు మళ్లీ జరిగితే అప్పుడాయన చూడలేడు. నేను ఎప్పటిలాగే ఆఖరు నుంచి రెండో బల్ల మీద ఉన్నాను. నా వెనుక బల్ల చివరన, తలుపు పక్కన, ఇస్త్రీ చొక్కాలో తిరుమలరావు. రావద్దన్నా వచ్చాడు. కుడిచెవి వేదిక వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆయన ఎడమ పక్కన, సంచి అందుకోవడానికి అర్జునరావు నిలబడ్డాడు.

రెండు వందల పదహారు అన్నారు. సంచి బయల్దేరింది. మొదటి చరణానికి సగం బల్లలు దాటింది. రెండో చరణం చివర్లో నా దగ్గరకొచ్చింది. నేను వేయవలసింది వేసి వెనక్కి అందించాను. మూడో చరణం మొదలయ్యేసరికి తిరుమలరావు చేతికి చేరింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు మోకాళ్ల మధ్య బిగించి, కుడిచేయి చొక్కా జేబులో పెట్టి, తీరిగ్గా ఏదో వెతకసాగాడు.

మూడో చరణం అయిపోయింది. సంచి రాలేదు. బెన్సన్ పల్లవి ఎత్తుకున్నాడు. అర్జునరావు వంగి మెల్లగా, "సంచి ఇవ్వండి" అన్నాడు. అన్నది ఎడమ చెవిలో.

బెన్సన్ రెండోసారి పల్లవి. అర్జునరావు ఈసారి సంచి పిడి పట్టుకుని లాగాడు. తిరుమలరావు అతని వైపు తిరిగి, చర్చి మొత్తానికి వినబడేలా "ఏటి?" అన్నాడు. అర్జునరావు పిడి వదిలేశాడు. పరిశుద్ధ స్థలంలో కానుకల సంచి కోసం పెనుగులాడటం గురించి కమిటీ ఇంకా ఏ తీర్మానమూ చేయలేదు.

మూడోసారి పల్లవి. జనం వెనక్కి తిరగడం మొదలుపెట్టారు. గుణశేఖర్‌గారు బెన్సన్‌కు ఆపమని కనుసైగ చేస్తున్నారు. సంచి రాకుండా ఎలా ఆపాలో బెన్సన్‌కు తెలియదు, వాళ్ల నాన్నకూ తెలియదు. అప్పుడు తిరుమలరావు జేబులోంచి చేయి తీసి, పిడికిలి బిగించి, తలపైకి ఎత్తాడు.

వేదిక మీద జ్ఞానశేఖర్ దండతో సహా లేచి నిలబడ్డాడు. నిలబడి కదల్లేదు. ఆ చేయి అలా ఉండగా ఆయన మీట ముట్టుకోడు.

పల్లవి అయిపోగానే స్త్రీల వైపు మూడో బల్లలోంచి ఒక్క గొంతు వచ్చింది. జయమణిగారిది. పుస్తకం కూడా తెరవలేదు. నా కన్ను చేరని చోట తన కన్ను నిలిపినవాడు. రెండో పాదానికి ఆమె చుట్టుపక్కల ఆడవాళ్లు అందుకున్నారు. మా చర్చిలో స్త్రీలు అందుకున్న పాటను ఆపగల మగవాడు ఇంకా పుట్టలేదు. పుస్తకాల కాగితాలు గలగలలాడాయి. ముప్పై ఏళ్లుగా కంటి ఎదుట ఉన్న నాలుగు పాదాలను మూడు వందల మంది వేలు పెట్టి వెతుక్కుంటూ, తడబడుతూ, ముందొకరు వెనుకొకరుగా పాడారు. ఇంత అధ్వాన్నంగా మా సంఘం ఏ పాటనూ పాడి ఎరగదు. నేనూ పాడాను.

గుణశేఖర్‌గారు కూడా పాడారు. సిద్ధాంతం తేడా ఉన్న పాదం దగ్గర దగ్గారు.

నీ చేతిలో ఉంచుకో అన్న మాట అయ్యాక, నేను వెనక్కి చూశాను. తిరుమలరావు పిడికిలి విప్పాడు. అరచేయి కిందికి తిప్పి, మెల్లగా రెండుసార్లు ఆడించాడు. జ్ఞానశేఖర్ కుర్చీలో కూర్చున్నాడు. సంచి వేదిక దగ్గరకు వెళ్లింది.

బయట టీల దగ్గర ఇద్దరినీ పట్టుకున్నాను. అర్జునరావు వచ్చి నిష్ఠూరంగా, సంచి అంతసేపు ఎందుకు ఉంచుకున్నారని అడిగాడు.

"సిల్లర ఎతుక్కుంటన్నాను బాబూ. ముసిలోడిని, సెయ్యి తొరగా ఆడదు" అన్నాడు తిరుమలరావు. అర్జునరావు అడిగినది మాత్రం ఆయనకు ఎడమ చెవిలోనే వినబడింది.

జ్ఞానశేఖర్ కుడివైపుకు వెళ్లి, "ఇనబడిందా బావా?" అన్నాడు.

"ఇనబడింది." టీ ఒక గుక్క తాగాడు. "అంతా బాగుంది గాని, ముప్పై ఏళ్లు కూకోబెట్టి, ఆకరికి నా పేరే ఎట్టలేదేటి అందులో?"

"ఎడదావనుకున్నాను. తిరుమలరావు అంటే రాగంలో ఇమడలేదు."

"రాగం మారిస్తే ఇమిడీది."

తిరుమలరావు కళ్లు తుడుచుకుని, టీలో ఆవిరి ఎక్కువైందన్నాడు. ఆ టీ అప్పటికే చల్లారిపోయి ఉంది, నేనూ తాగాను కదా.

కమిటీ మర్నాడే అత్యవసరంగా సమావేశమైంది. ఇకమీదట కానుకలకు రెండు సంచులు తిప్పాలని, బయటివారు ముందు బల్లల్లోనే కూర్చోవాలని తీర్మానించింది. రెండు సంచులతో పని ఎంత చురుగ్గా సాగుతోందంటే, ఇప్పుడు రెండో చరణం పూర్తి కాకుండానే పాట ఆగిపోతోంది. ఈ లెక్కన పల్లవికి కూడా రోజులు దగ్గరపడ్డాయి. తిరుమలరావు కుడిచెవి డాక్టరు చెప్పినదానికన్నా ముందే, వానాకాలంలో, పూర్తిగా పోయింది. ఇప్పుడు ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. అది వాళ్లకు కొత్త కాదు.

పాటకు ఇంత అన్యాయం జరుగుతుంటే మీకేమీ అనిపించడం లేదా అని మొన్న జ్ఞానశేఖర్‌ను అడిగాను. ఆయన గుమ్మడికాయ ముక్కలు కోస్తున్నాడు.

"సరుకు దిగిపోయింది కదండీ" అన్నాడు. "ఇంక క్రేను ఎటు తిప్పుకుంటే నాకేటి."